ఈదురుగాలులు మొదలుకాకముందే మీ వీధి చెట్టును ఒకసారి చూసి రండి

మొక్కలు నాటే రోజున అందరం కలుస్తాం, నీళ్లు పోస్తాం, ఫొటోలు దిగుతాం. ఆ సంతోషం ఉండాల్సిందే. కానీ పట్టణంలో ఇప్పుడు మనకు నీడనిస్తున్నవి ఎప్పుడో ఎవరో నాటిన పాత చెట్లు. గాలివానల ముందు వాటిని పలకరించేవాళ్లే ఉండరు. ఒక్క కొమ్మ విరిగిపడితే మాత్రం "మొత్తం కొట్టేయండి" అనే మాట వచ్చేస్తుంది. ఆ మాట రాకూడదంటే నెల ముందే జాగ్రత్తపడాలి.

ముందు మొదలు దగ్గర నిలబడి చూడండి. చెట్టు వాలిన వైపుకు ఎదురు పక్క నేల పగిలిందా, ఉబ్బిందా? మాను అడుగున చిప్పల్లాంటి పుట్టగొడుగులు వచ్చాయా? అయితే లోపల కుళ్లు ఉండొచ్చు, తెలిసినవాళ్లకు చూపించాలి. వాలిన ప్రతి చెట్టూ ప్రమాదం కాదు. చిన్నప్పటి నుంచీ వంగి పెరిగి, పైకి తిరిగిన చెట్టు గట్టిగానే ఉంటుంది. నిన్నమొన్న కొత్తగా వాలితేనే భయపడాలి. తొర్ర ఉన్నంత మాత్రాన కూడా కొట్టేయక్కర్లేదు. చుట్టూ చెక్క గట్టిగా ఉంటే అలాంటి చెట్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి.

తర్వాత వేర్లు. చెట్టు ఎంత ఎత్తుంటే వేర్లు అంత లోతుకు దిగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ వేర్లు పైన 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడను దాటి దూరం పాకుతాయి. అందుకే పైపు కోసం మానుకు ఆనుకుని కాలువ తవ్వితే చెట్టు ఒక పక్క పట్టు కోల్పోతుంది. ఆకులు పచ్చగా ఉండటంతో ఆ సంగతి బయటికి తెలియదు. నేల నాని, గాలి గట్టిగా కొట్టిన రోజు చెట్టు పడిపోతుంది. మీ వీధిలో తవ్వకం ఉందని తెలిస్తే ముందే వెళ్లి, మానుకు దూరంగా తవ్వమని అడగండి. మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే పగలగొట్టించి పాదు చేయించండి.

అన్నిటికంటే ముఖ్యంగా, భయంతో చెట్టు తల నరికించకండి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. నరికినచోట గుత్తులుగా కొత్త కొమ్మలు వేగంగా పెరుగుతాయి. అవి మానులో లోతుగా నాటుకోవు, పైపైనే అతుక్కుని ఉంటాయి. కోసిన మోడు కుళ్లుతుంది. కొన్నేళ్లకు ఆ కొమ్మలే విరిగి పడతాయి. గాలికి భయపడి చేసిన పని ఇంకా పెద్ద ప్రమాదం తెచ్చిపెడుతుంది.

ఎండిన కొమ్మలు, విరిగి వేలాడుతున్నవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి తీయిస్తే సాధారణంగా సరిపోతుంది. కోత మానుకు అంటుకునేలా ఉండకూడదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే మెడను వదిలి, దాని బయట కోయాలి. గాయం మానేది అక్కడి నుంచే. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి గాటు పెట్టాలి, లేకపోతే పడేటప్పుడు బెరడు చీల్చుకుపోతుంది. పైన పక్షి గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి.

కరెంటు తీగలకు దగ్గరున్న కొమ్మ జోలికి మీరు పోవద్దు. పచ్చి కొమ్మలోంచి కూడా కరెంటు పాస్ అవుతుంది. విద్యుత్ శాఖవాళ్లు సరఫరా ఆపి తీయాల్సిందే. మీ దగ్గర కొమ్మలు కొట్టడానికి అనుమతి అవసరమైతే అది ముందే తీసుకోండి.

నాటిన మొక్కల ఊతకర్రలకు కట్టిన తాళ్లు కాండాన్ని కోస్తున్నాయేమో చూసి వదులు చేయండి. అలంకరణకు చుట్టిన లైట్ల తీగలు, బోర్డులకు కొట్టిన మేకులు కూడా తీసేయండి.

గాలి మొదలైతే చెట్ల కింద నిలబడొద్దు, బండి పెట్టొద్దు. వాన తగ్గాక చిన్న చెట్టు ఒరిగి కనిపిస్తే వేర్లు ఎండిపోకుండా తడి గోనె కప్పండి. వీలైతే ఆ రోజే నిలబెట్టి, మట్టి అదిమి, ఊతం కట్టండి.