అనంతపురం ఎండల్లో సినాప్టోఫైసిన్ బ్లాట్ ఎలా చేయాలి?

మెదడులో ఒక నాడీకణం పక్క కణానికి కబురు పంపాలంటే రసాయనాలు నింపిన బుల్లి సంచులు కావాలి. ఒక్కోటి సుమారు 40 నానోమీటర్లు. వాటి పొరలో ఉండే ప్రోటీనే సినాప్టోఫైసిన్. దీన్ని 1985లో గుర్తించారు. సినాప్సులు, అంటే నాడీకణాలు కలిసే చోట్లు, తగ్గాయేమో చూడాలంటే ఇప్పటికీ చాలామంది దీని యాంటీబాడీనే (దీన్ని వెతికి అతుక్కునే ప్రోటీన్) పట్టుకుంటారు. బ్లాట్ అంటే శాంపిల్‌లోని ప్రోటీన్లను జెల్‌లో సైజును బట్టి విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో మనకు కావలసినదాన్ని వెతకడం.

ప్రోటోకాల్‌లో 'గది ఉష్ణోగ్రత' అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో మిద్దె కింద ఏసీ లేని మన ల్యాబ్‌లో అంతకు పది డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఇక్కడ పని చెడేది ఎక్కువగా ఆ తేడా వల్లే.

యాంటీబాడీ పార్సిల్ రాగానే ఐస్ ప్యాక్ చల్లగా ఉందా అని తాకి చూడండి. శనివారం సాయంత్రం చేరేలా మాత్రం ఆర్డరు పెట్టకండి. ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో ఒక్కసారి తిప్పి, యాంటీబాడీని 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లోకి పంచి, తేదీ, లాట్ నంబరు రాసి, మైనస్ 20లో పెట్టండి. కొన్నింటిని 4 డిగ్రీల్లోనే ఉంచాలి, కాబట్టి ముందు డేటాషీట్ చదవండి. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే యాంటీబాడీ పట్టు పోతుంది.

ఎలుక మెదడు ముక్కను ఐస్ మీదే నూరాలి. శాంపిల్‌ను మరిగించొద్దు. ఈ ప్రోటీన్ పొరలోంచి నాలుగుసార్లు దూరి వస్తుంది, మరిగిస్తే ఉండకట్టి జెల్ పైనే ఆగిపోవచ్చు. 70 డిగ్రీల్లో 10 నిమిషాలు చాలు. 12 శాతం జెల్‌లో వెల్‌కు (శాంపిల్ వేసే గుంటకు) 20 మైక్రోగ్రాముల ప్రోటీన్ వేయండి. ఒక వెల్‌లో కాలేయం శాంపిల్ తప్పకుండా ఉండాలి, అందులో ఈ ప్రోటీన్ దాదాపు ఉండదు కాబట్టి పోల్చి చూడొచ్చు.

సినాప్టోఫైసిన్ 38 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర కనిపిస్తుంది. అన్ని వెల్స్‌లో ప్రోటీన్ సమానంగా పడిందా అని చూసే కంట్రోల్‌గా అందరూ వాడే యాక్టిన్ 42, జీఏపీడీహెచ్ 37. రెండూ దాని పక్కనే పడి కలిసిపోతాయి. 50 దగ్గర వచ్చే ట్యూబులిన్ తీసుకోండి.

జెల్‌లోని ప్రోటీన్లు ఎక్కించాక, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా మెంబ్రేన్‌ను 5 శాతం పాలపొడి కలిపిన టీబీఎస్‌టీలో (ఒక ఉప్పు ద్రావణం) గంటసేపు నానబెట్టాలి. ఒకసారి నేను దాన్ని రాత్రంతా బల్ల మీదే వదిలేశాను. పొద్దున మూత తీస్తే పులిసిన వాసన, పాలు పలుకులుగా విరిగి మెంబ్రేన్‌కు అంటుకున్నాయి. వారం పని పోయింది. అప్పటినుంచి ఆ గంట కూడా ఫ్రిజ్‌లోనే. యాంటీబాడీ 1:1000తో మొదలుపెట్టి, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచండి. కరెంటు పోతుందనిపిస్తే డబ్బాను ఐస్ నింపిన థర్మాకోల్ పెట్టెలో పెట్టండి.

పొద్దున పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. ప్రైమరీ (సినాప్టోఫైసిన్‌ను పట్టే మొదటి యాంటీబాడీ) చిట్టెలుకదైతే సెకండరీ (ప్రైమరీని పట్టే రెండోది) చిట్టెలుక యాంటీబాడీని పట్టేదే కావాలి. ఆ సెకండరీ హెచ్‌ఆర్‌పీ (గీతను కనిపించేలా చేసే ఎంజైము) రకమైతే దాని ద్రావణంలో సోడియం అజైడ్ ఉండకూడదు, అది ఆ ఎంజైమును పనిచేయనివ్వదు.

మెదడు వరుసలో 38 దగ్గర దట్టమైన బ్యాండ్ రావాలి. చక్కెర గొలుసులు అతుక్కుని ఉండడంతో అది కాస్త వెడల్పుగా పరుచుకోవచ్చు. కాలేయం వరుసలోనూ అదే చోట గీత కనిపిస్తే, ప్రైమరీ వేయకుండా ఇంకో మెంబ్రేన్ ముక్క చేసి చూడండి. అందులోనూ వస్తే తప్పు సెకండరీది. రాకపోతే ప్రైమరీని 1:5000కు పలచన చేసి మళ్లీ ప్రయత్నించండి.