ఫోర్క్ పోయిందా, గాలి తప్పిందా? మౌంటెన్ బైక్ సస్పెన్షన్: సమస్య - పరిష్కారం

అనంతగిరి కొండల్లో రైడ్ ముగించి టీ తాగుతుంటే ఎవరో ఒకరు అంటారు: "ఫోర్క్ పోయింది అన్నా." పట్టుకుని నాలుగుసార్లు నొక్కి చూస్తే చాలాసార్లు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ కాళ్లు) నిక్షేపంలా ఉంటుంది. గాలే లెక్క తప్పి ఉంటుంది. కాబట్టి ఏ సమస్య వచ్చినా ముందు సాగ్ కొలవండి, ఆ తర్వాతే నాబ్‌ల జోలికి వెళ్లండి.

(ఇదంతా లోపల స్ప్రింగ్ బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్క్‌ల సంగతి. స్ప్రింగ్ ఫోర్క్‌లో పైన ఉండే ప్రీలోడ్ నాబ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు. మీ బరువుకి అది చాలకపోతే స్ప్రింగే మార్చాలి.)

సాగ్ కొలిచే పద్ధతి

పేరు వింటే ఏదో సాగుతుందనిపిస్తుంది గానీ, ఇక్కడ జరిగేది దిగడం. మీరు ఎక్కి నిలబడితే మీ బరువుకి సస్పెన్షన్ ఎంత దిగిందన్నదే సాగ్. హెల్మెట్, బూట్లు, నీళ్ల బ్యాగుతో సహా రైడ్‌కి వెళ్లేటట్టే తయారవ్వండి. లాకౌట్ (సస్పెన్షన్ కదలకుండా ఆపే మీట) ఆఫ్ చేయండి. గోడ పక్కన పెడల్స్ మీద నిలబడి, ఫోర్క్ గొట్టం మీది రబ్బరు ఓ-రింగ్‌ని ఇంకొకరి చేత సీల్ (గొట్టం లోపలికి దిగే చోట ఉండే రబ్బరు పట్టీ) దాకా జరిపించండి. బైక్‌ని ఊపకుండా దిగి, రింగ్ ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. ట్రయల్ రైడింగ్‌కి ముందు ఫోర్క్ 20 శాతం, వెనక షాక్ 25 నుంచి 30 శాతం దిగితే మొదలుపెట్టడానికి చాలు. 120 మి.మీ. ట్రావెల్ (మొత్తం దిగగల దూరం) ఉన్న ఫోర్క్ అయితే 24 మి.మీ. అన్నమాట. వెనక మాత్రం చక్రం ట్రావెల్‌తో కాదు, షాక్ స్ట్రోక్‌తో (షాక్ తాను నొక్కుకుపోయే దూరంతో) లెక్క కట్టాలి. 50 మి.మీ. స్ట్రోక్‌కి 30 శాతమంటే 15 మి.మీ. ఈ తేడా తెలియక వెనక భాగాన్ని మెత్తగా పరుపులా చేసుకున్నవాళ్లను చూశాను.

గాలి షాక్ పంపుతోనే కొట్టాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ వద్దు, అంత చిన్న గదిలోకి ఒక్కసారిగా ఎంత గాలి దూసుకెళ్తుందో చెప్పలేం. పంపు విప్పుతుంటే 'సుయ్' మంటుంది, అది పంపు గొట్టంలో మిగిలిన గాలి. మళ్లీ బిగించి చూస్తే ముల్లు తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఫోర్క్‌లోని గాలి కొంత ఆ గొట్టంలోకి వస్తుంది. ఇది తెలియక కొత్తలో నేను రోజూ ఉదయం ప్రెషర్ చూసుకుని, రోజూ "లీక్ అవుతోంది" అని టెన్షన్ పడేవాణ్ని.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, ప్రతి రాయీ తగులుతోంది

ముందు టైరు నొక్కి చూడండి. రోడ్డు మీద తేలిగ్గా పోతుందని 45 పీఎస్ఐ కొట్టి ఉంటే, ఎంత ఖరీదైన ఫోర్క్ ఉన్నా రాళ్ల దారిలో లాభం లేదు. తర్వాత లాకౌట్ లీవర్ చూడండి. నవ్వకండి, ఎక్కేటప్పుడు వేసి దిగేటప్పుడు మర్చిపోవడం నాకూ అలవాటే. రెండూ సరిగా ఉంటే ఫోర్క్‌లో గాలి 5 పీఎస్ఐ తగ్గించి అదే దారిలో మళ్లీ వెళ్లండి. రైడ్ అయ్యాక ఓ-రింగ్ చివరి దాకా రాలేదని మాత్రం బెంగ వద్దు. చదును దారిలో పూర్తి ట్రావెల్ ఎందుకు వాడుతుంది?

చిన్న గుంతకే 'టంగ్' మని అడుగు తగులుతోంది

సాగ్ ఎక్కువుంటే గాలి కొట్టండి. సాగ్ సరిగ్గా ఉండి కూడా అడుగు తగులుతుంటే గాలి పెంచకండి, పెంచితే పైన మెత్తదనం పోతుంది. ఫోర్క్ లోపల వాల్యూమ్ టోకెన్ (గాలి గదిలో చోటు తగ్గించే చిన్న ముక్క) ఒకటి వేయించండి. గాలి గది చిన్నదై, చివరికి వచ్చేసరికి గట్టిపడుతుంది. ఫోర్క్ పైమూత విప్పేముందు గాలి మొత్తం తీసేయాలి, ఇది మర్చిపోకూడదు.

వెనక్కి తంతోంది, లేదా వరుస గుంతల్లో కుంగిపోతోంది

రెండూ రీబౌండ్ (నొక్కుకుపోయిన సస్పెన్షన్ తిరిగి పైకి లేచే వేగం) సమస్యలే, ఒకదానికొకటి తలకిందులు. గుంత దాటగానే హ్యాండిల్ ఎగదన్నితే రీబౌండ్ మరీ వేగంగా ఉంది. మొదటి గుంతకి బాగుండి, నాలుగో గుంతకి రాయిలా అయిపోతే మరీ నెమ్మదిగా ఉంది. నొక్కుకుపోయిన ఫోర్క్ పైకి లేచేలోపే తర్వాతి దెబ్బ పడుతోంది. రెండోదాన్ని చాలామంది గాలి ఎక్కువైందనుకుని గాలి తీసేస్తారు, దాంతో ఇంకా కుంగుతుంది.

సాధారణంగా రీబౌండ్‌కి ఉండే ఎర్ర నాబ్‌ని కుడివైపు తిప్పితే నెమ్మదిస్తుంది. పూర్తిగా బిగించి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ మధ్యకి రండి. ఫోర్క్‌ని బలంగా నొక్కి వదిలితే చటుక్కున లేవాలి గానీ చక్రం నేల వదలకూడదు. వెనకదానికి సీటు మీద కూర్చుని ఫుట్‌పాత్ అంచు దిగి చూడండి: ఒక్కసారి ఊగి కుదురుకోవాలి. అక్కడి నుంచి ఒక్కో క్లిక్ మార్చి, ప్రతిసారీ ఫోన్‌లో రాసుకోండి. గాలి పెంచితే ఫోర్క్ గట్టిగా ఎగదన్నుతుంది కాబట్టి రీబౌండ్ మళ్లీ సరిచూసుకోవాలి. 85 కిలోల స్నేహితుడి నంబర్లు 60 కిలోల మీకు పనికిరావు.

బ్రేక్ వేస్తే ముక్కు నేలకు దిగుతోంది

సాగ్ సరిగ్గా ఉంటే కంప్రెషన్ (ఫోర్క్ దిగే వేగాన్ని తగ్గించే నాబ్) ఒకటి రెండు క్లిక్కులు పెంచండి. అంతకు మించితే చేతుల తిమ్మిరి తిరిగొస్తుంది.

ముందు 'టక్ టక్' మంటోంది

ముందు బ్రేక్ పట్టి బైక్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. ఇంకో చేతి వేళ్లు హెడ్‌సెట్ (హ్యాండిల్ కింద, ఫ్రేమ్‌లో ఫోర్క్ తిరిగే బేరింగ్‌ల చోటు) మీద ఆనించండి. అక్కడ కదలిక తెలిస్తే హెడ్‌సెట్ బిగిస్తే సరి. కదలిక సీల్స్ దగ్గర ఉంటే బుషింగ్‌లు (ఫోర్క్ గొట్టాలు జారే లోపలి రింగులు) అరిగాయి, అది మెకానిక్ పని.

గొట్టం మీద నూనె

సన్నని తడి పొర మామూలే. రింగులా చారలు కట్టి కారుతుంటే సీల్ మార్చాలి. చాలా ఫోర్క్‌లకు కింది కాళ్ల (ఫోర్క్ కింది గొట్టాల) సర్వీసు 50 గంటలకోసారి చేయమంటారు, వానాకాలం బురదలో అంతకంటే ముందే చేయడం మేలు. బైక్ వాష్‌లో నీటి గన్ సీల్స్ మీదికి పట్టనివ్వకండి. గొట్టం మీద గోటికి తగిలే గీత ఉంటే అదే సీల్‌ని కోస్తోంది. గీత చిన్నదైతే గోళ్ల రంగు చుక్క వేసి, ఆరాక సన్నటి ఎమరీ కాగితంతో నునుపు చేసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. నా ఫోర్క్ మీద ఇప్పటికీ ఒక మెరూన్ చుక్క ఉంది.