చామంతిలో కొత్త రంగు నిలవకపోతే

కడియం, కడియపులంక నర్సరీల్లో కొత్త రంగు పువ్వుకు ఉండే గిరాకీ వేరే చెప్పాలా? అందుకే రంగు మారేలా గామా కిరణాలు పట్టించిన చామంతి కటింగులు (నాటే కొమ్మ ముక్కలు) పెంచాలన్న ఉత్సాహం. చిక్కులన్నీ ఆ తర్వాతే.

సమస్య: గులాబీ రంగు పువ్వులో ఒక పక్క నాలుగైదు రేకలు పసుపుగా విచ్చాయి. ఆ మొక్క పిలకలు నాటితే మళ్లీ అంతా గులాబీయే.

కారణం: కిరణాలు తగిలినప్పుడు చిగురు కొనలోని ఏ ఒకటి రెండు కణాల్లోనో జన్యువు మారుతుంది. వాటి నుంచి పుట్టిన భాగం వరకే కొత్త రంగు, మిగతాదంతా పాత మొక్కే. ఈ కలగాపులగాన్ని కైమీరా అంటారు. పిలకలు మొదలు దగ్గర మారని భాగం నుంచి లేస్తాయి.

పరిష్కారం: రంగు మారిన కొమ్మకు వెంటనే దారం కట్టండి. పువ్వును కోసేసి, మారిన రేకలున్న వైపు ఆకు పంగల్లోని మొగ్గలను చిగురించనివ్వండి. వచ్చిన ప్రతి రెమ్మనూ విడిగా వేళ్లు పట్టించి, విడి కుండీలో పెట్టి, చీటీ రాయండి. పూశాక పూర్తిగా మారినవి ఉంచి, మచ్చలవి మళ్లీ కత్తిరించండి. వరుసగా కొన్ని తరాలు ఒకే రంగు పూసేదాకా అమ్మకం మాట ఎత్తకండి. పంగల్లో మొగ్గలు పనికిరాకపోతే రంగు మారిన రేకనే టిష్యూ కల్చర్‌లో (ప్రయోగశాలలో చిన్న ముక్క నుంచి మొక్కను పెంచే పద్ధతిలో) పెట్టి మొక్క తీయించవచ్చు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ చామంతిలో ఈ పద్ధతిని చేసి చూపింది.

సమస్య: ఏ మార్పూ లేదు.

కారణం, పరిష్కారం: ముందు మాతృ రకాన్ని చూడండి. గులాబీ రంగు రకాలు చాలా రంగులిస్తాయి; పసుపు రకం నుంచి గులాబీని ఆశించడం దండగ. ఆ తర్వాత కిరణాల మోతాదు చూడండి. వేళ్లు పట్టిన కటింగులకు సాధారణంగా 15 నుంచి 25 గ్రే (కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం) సరిపోతుంది.

సమస్య: సగం చచ్చాయి, మిగిలినవాటి ఆకులు ముడుచుకున్నాయి.

మోతాదు ఎక్కువై ఉంటుంది. కిరణాలు తగలని కటింగులూ చస్తుంటే మాత్రం తప్పు నీరు నిలిచే ఒండ్రుమట్టిది. ముడతను కొత్త రకమనుకోకండి; తల తుంచితే వచ్చే చిగుళ్లు చాలావరకు మామూలుగానే ఉంటాయి. కిరణాలు పట్టిన మొక్కను ముట్టుకోవచ్చా అని కొనేవాళ్లు అడుగుతారు. నిక్షేపంగా ముట్టుకోవచ్చు, గామా కిరణాలు మొక్కలో మిగిలిపోవు.

సమస్య: చలికాలంలో ముదురుగా పూసింది ఎండలు ముదిరాక వెలిసిపోయింది.

వేడికి ఎరుపు, గులాబీ వర్ణకం తగ్గుతుంది. అది జన్యు మార్పు కాదు. కిరణాలు పట్టించని అదే రకాన్ని పక్క మడిలో పెంచి, రెండూ ఒకే వారంలో పూసినప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి.