బ్రౌజరులో రైట్ క్లిక్ మెనూను సందర్భానికి తగినట్లు ఎలా రూపొందించాలి?

వెబ్ పేజీలో ఒక బొమ్మ మీదనో, లింకు మీదనో రైట్ క్లిక్ చేసినవారికి అప్పుడు కావలసింది సాధారణంగా ఒకటో రెండో ఆదేశాలు మాత్రమే. మెనూలో ఉన్న మిగిలిన వరుసలన్నీ వాటిని వెతికే కంటికి అడ్డు తగులుతాయి. మెనూలను తగ్గించే ప్రయత్నం బ్రౌజర్లలో కొత్తది కాదు. 2008లో క్రోమ్ మెనూ పట్టీ లేకుండానే విడుదలైంది. 2011లో ఫైర్‌ఫాక్స్ 4వ వెర్షన్, విండోస్ విస్టా, విండోస్ 7లలో ఆ పట్టీని ఒకే బటను వెనక్కి చేర్చింది. 2021 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 89 మెనూలను మరోసారి సరళం చేసింది. తెలుగులో కనిపించే మెనూకు మాత్రం వరుసలు తగ్గించడంతో పని పూర్తికాదు, వరుసలోని మాటలను కూడా సందర్భాన్ని బట్టి తగ్గించాలి. బ్రౌజరునో, దానికి అదనపు సౌకర్యాలు చేర్చే ఎక్స్‌టెన్షన్‌నో రూపొందించేవారికీ, వాటిని తెలుగులోకి తెచ్చేవారికీ ఉపయోగపడేలా ఆ పనిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

1. ముందు సందర్భాల జాబితా రాయండి

కాగితం తీసుకొని, పేజీలో రైట్ క్లిక్ చేయగల చోట్లను రాయండి: ఖాళీ స్థలం, లింకు, బొమ్మ, లింకుగా పనిచేసే బొమ్మ, ఎంపిక చేసిన పాఠ్యం, రాసే పెట్టె, వీడియో. ఒక్కొక్క దాని కింద ప్రస్తుత మెనూలోని ఆదేశాలన్నీ రాసి, ఆ చోట నొక్కిన మనిషి ఏ పని మీద వచ్చి ఉంటాడో పక్కన రాయండి. వార్తల పేజీ చదివేవారు శీర్షిక మీద నొక్కితే దాన్ని కొత్త ట్యాబులో తెరవడానికో, ఎవరికైనా పంపేందుకు కాపీ చేసుకోవడానికో నొక్కుతారు. ఆ క్షణంలో పేజీని ముద్రించే ఆదేశంతో వారికి పని ఉండదు.

ఎక్స్‌టెన్షన్ తయారుచేసేవారికి ఈ జాబితా నేరుగా పనికివస్తుంది. తమ ఆదేశం ఏయే సందర్భాలలో కనిపించాలో ముందుగానే నిర్దేశించే వీలును క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ కల్పిస్తున్నాయి. "అన్ని చోట్లా" అన్న ఎంపిక కూడా ఉంది కానీ, ప్రతి ఎక్స్‌టెన్షనూ దాన్నే వాడుకుంటే మెనూ తెర పొడవునా సాగుతుంది కనుక దయచేసి దాని జోలికి పోకండి.

2. ఏది తీసేయాలో, ఏది మసకగా ఉంచాలో నిర్ణయించండి

ఆ వస్తువుకు ఎప్పటికీ వర్తించని ఆదేశాన్ని పూర్తిగా తొలగించాలి. ఉదాహరణకు, లింకు మెనూలో "బొమ్మను భద్రపరచు" అన్నది ఉండకూడదు. ఆ వస్తువుకు వర్తించేదే అయినా ప్రస్తుతానికి వీలుకాని ఆదేశాన్ని మసకగా ఉంచాలి. రాసే పెట్టెలో ఏమీ ఎంపిక చేయనప్పుడు "కత్తిరించు" మసకబారి కనిపిస్తే, ముందు ఎంపిక చేయాలని వాడుకరి గ్రహిస్తారు. అదే మాయమైతే ఆ సౌకర్యమే లేదనుకుంటారు. మెనూ నుంచి తొలగించిన ఆదేశానికి బ్రౌజరు ప్రధాన మెనూలో చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

3. వరుసల స్థానాలను కదిలించకండి

సందర్భాన్ని గుర్తించడం వేరు, వాడుకరి అలవాట్లను ఊహించి మెనూను తనంతట తానే మార్చడం వేరు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో ఎక్కువగా వాడని ఆదేశాలను దాచే మెనూలు వచ్చాయి. నిన్న కనిపించిన వరుస ఈరోజు కనిపించకపోతే మనిషి మళ్ళీ మొదటి నుంచి వెతకవలసిందే. ఒకే వస్తువు మీద ఎన్నిసార్లు నొక్కినా ఒకే మెనూ, అదే క్రమంలో రావాలి. ఎక్కువగా అవసరమయ్యేవి పైన, తొలగించే ఆదేశాల వంటివి గీత కింద, విడిగా ఉండాలి.

4. మాటలను కుదించండి

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన అడుగు ఇది. ఇంగ్లీషు మెనూలో దాదాపు ప్రతి వరుసా క్రియతో మొదలవుతుంది కాబట్టి, ఎడమ అంచు వెంట చూపు కిందికి జారుతుండగానే వరుసలు విడివిడిగా తెలిసిపోతాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఆ మెనూనే మాటకు మాట తెలుగు చేస్తే "లింకును కొత్త ట్యాబులో తెరువు", "లింకును కొత్త విండోలో తెరువు", "లింకును భద్రపరచు", "లింకును కాపీ చేయి" అని నాలుగు వరుసలూ ఒకే మాటతో మొదలవుతాయి, వాటి మధ్య తేడా తెలియాలంటే ప్రతి వరుసనూ చివరిదాకా చదవాలి. నొక్కింది లింకు మీదేనని మెనూకూ తెలుసు, మనిషికీ తెలుసు. కాబట్టి "లింకును" అన్న మాట తీసేసి "కొత్త ట్యాబులో తెరువు", "కొత్త విండోలో తెరువు", "భద్రపరచు", "కాపీ చేయి" అని ఉంచితే సరిపోతుంది.

లింకుగా పనిచేసే బొమ్మ దగ్గర ఈ పద్ధతి అలాగే కుదరదు, ఎందుకంటే అక్కడ "కాపీ చేయి" అంటే దేనినో తెలియదు. అక్కడ "లింకు", "బొమ్మ" అని రెండు చిన్న శీర్షికలు పెట్టి, వాటి కింద అవే పొట్టి మాటలు ఉంచండి.

"తెరువు" అనాలా, "తెరవండి" అనాలా అన్న సందేహం తరచుగా వస్తుంది. మెనూలో మనిషి యంత్రాన్ని ఆదేశిస్తాడు కనుక "తెరువు" అనడంలో అమర్యాద లేదు. బ్రౌజరు మనిషితో మాట్లాడే సందేశాలలో మాత్రం "అండి" తప్పనిసరి.

ఎంపిక చేసిన పాఠ్యాన్ని వెతికే ఆదేశంలో ఆ పాఠ్యం పొడవైతే కత్తిరించి చుక్కలు పెడతారు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే "క్ష్మి", కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ పద్ధతిలో 6 సంకేతాలు. సంకేతాలను లెక్కపెట్టి తెంచితే "లక్ష్మి" పేరు పొల్లుతో ఆగిపోవచ్చు, కాబట్టి పూర్తి అక్షరం దగ్గరే తెంచాలి.

5. మౌస్ వాడనివారిని గుర్తుంచుకోండి

విండోస్‌లో షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కినా ఇదే మెనూ తెరుచుకోవాలి, బాణం మీటలతో ప్రతి వరుసకూ చేరుకోగలగాలి. వరుసలో కింద గీత గీసిన అక్షరం మీట నొక్కి ఆదేశాన్ని ఎంచుకునే పద్ధతి గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగు వరుసకు సరిగా అమరదు. వరుస చివర కుండలీకరణాలలో ఒక ఇంగ్లీషు అక్షరం చూపడం ఆచరణలో తేలిక. ఫోనులో నొక్కిపట్టినప్పుడు వచ్చే మెనూకు వేలు ఆనేంత ఎత్తు కావాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం అది కనీసం 48 డీపీ (తెర సాంద్రత మారినా దాదాపు ఒకే పరిమాణంలో కనిపించే కొలత). ఒత్తులు కింది వరుసకు తగలకుండా చూసుకోవడం కూడా ఇక్కడే అవసరం.

6. పక్కన కూర్చుని చూడండి

తెలుగు మెనూలు వాడేవారిని కొందరిని, ఇంగ్లీషు మెనూలకు అలవాటుపడినవారిని కొందరిని కూర్చోబెట్టి, శీర్షికను కొత్త ట్యాబులో తెరవడం, బొమ్మను భద్రపరచడం వంటి ఐదారు పనులు చెప్పండి. ఎక్కడ నొక్కాలో చెప్పకండి. మెనూ తెరిచి ఏదీ ఎంచుకోకుండా మూసేసిన ప్రతిసారీ, వారు దేనికోసం వెతికారో అడిగి రాసుకోండి. మీరు తొలగించిన ఆదేశం కోసం ఒకరికన్నా ఎక్కువ మంది వెతికి ఉంటే దాన్ని తిరిగి చేర్చండి, కానీ పై వరుసల స్థానాలు మారకుండా దాని గుంపులో చివరనే ఉంచండి.