కాక్‌టీల్ పిల్లల ఫార్ములా చల్లారిపోతుంటే

బెంగళూరులో డిసెంబరు పొద్దున మూడు కాక్‌టీల్ (చిన్న చిలుక జాతి పక్షి) పిల్లలకి సిరంజితో తినిపించాలంటే, రెండోదాని వంతు వచ్చేసరికే ఫార్ములా, అంటే వేడినీళ్లలో కలిపిన మేత పొడి, చల్లారిపోతుంది. మూడోది మూతి తిప్పేసుకుంటుంది. మాటిమాటికీ స్టవ్ దగ్గరికి పరిగెత్తేదాన్ని.

ఇప్పుడు పెద్ద స్టీలు గిన్నెలో రెండంగుళాల ఎత్తు వేడినీళ్లు పోసి, ఫార్ములా ఉన్న చిన్న గిన్నెని అందులో పెడుతున్నాను. ఆఖరి పిల్ల తినేదాకా వేడి నిలుస్తోంది. ప్రతి సిరంజి నింపే ముందు అడుగు నుంచి బాగా కలిపి, కిచెన్ థర్మామీటర్ ముంచి చూస్తాను: 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు మించితే గొంతు కింద ఉండే మేత సంచి లోపల కాలిపోతుంది, పైకి వెంటనే కనిపించదు కూడా. అందుకే మైక్రోవేవ్ జోలికి పోను. వేలితో చూసి సరిపోయిందనుకోవడం కూడా మానేశాను. మిగిలింది పారబోయడమే, మళ్లీ వేడి చేయను.

ఒక్కటి మాత్రం చూసుకోండి. పిల్ల ఒళ్లే చల్లగా ఉంటే ఎంత వెచ్చని ఫార్ములా పెట్టినా అరగదు. ముందు పిల్లని వెచ్చబరచాలి. పొద్దున్నే చూస్తే రాత్రి తినిపించింది మేత సంచిలో ఇంకా అలాగే ఉందా? ఇక తినిపించకుండా పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.