బ్రేకు వదిలినా రబ్బరు రిమ్ముకు రాస్తుంటే

సైకిల్ చక్రం తిప్పితే ఒక పక్క బ్రేకు రబ్బరు రాస్తుంది. వెంటనే చెయ్యి బ్రేకు పక్కనున్న స్ప్రింగు స్క్రూ మీదికి పోతుంది. ఆగండి, ముందుగాల చక్రం చూడండి. సైకిల్ నేల మీద నిలబెట్టి, ఇరుసు నట్లు వదులు చేసి, పైనుంచి నొక్కి, ఇరుసు రెండు గాట్లలో నిండా కూర్చున్నాక బిగించండి. పంక్చర్ వేయించినంక మొదలైన రాపిడైతే అనుమానం మొదట దీని మీదే. వంకర చక్రానికి తగ్గట్టు స్ప్రింగు తిప్పితే, చక్రం సరిచేసిన రోజు రెండో పక్క రాస్తుంది.

చక్రం బాగానే ఉండి రబ్బర్లు మెల్లగా, అరకొరగా వెనక్కి వస్తున్నాయా? వీ-బ్రేకు (రిమ్ముకు రెండు పక్కలా నిలువు ఆర్ములు, అంటే చేతులు ఉండేది) అయితే ఆర్ములు రెండూ దగ్గరికి నొక్కి, వైరు వచ్చే వంపు పైపును తప్పించండి. ఆర్ములు టక్కున విచ్చుకుంటే లోపం వైరుది. విచ్చుకోకపోతే అవి తిరిగే బొడిపెలు తుప్పు పట్టాయి. ఊడదీసి, తుడిచి, పలుచగా గ్రీజు రాయండి. రిమ్ముకు మాత్రం అంటొద్దు.

అసలు మోసం వైరు దగ్గరే. కొత్త ఇన్నర్ (లోపలి తీగ), కొత్త ఔటర్ (దాని పై తొడుగు) వేసినా బ్రేకు పట్టేసి ఉంటే ఔటర్ కోసిన మూతి చూడాలి. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే లోపలి ప్లాస్టిక్ గొట్టం నలిగి మూసుకుంటుంది, ఉక్కు చుట్ట కొస లోపలికి వంగి ఇన్నర్‌ను గీకుతుంది. ఔటర్ మూతికి టోపీ తొడిగినంక బయటికి ఏమీ కనబడదు. స్ప్రింగులు, రబ్బర్లు, లివర్ అన్నీ మార్చినా అదే తంతు. ఇన్నర్ లాగేసి, మూతిని ఆకురాయితో చదును చేసి, సన్న మేకుతో రంధ్రం తెరిచి, అప్పుడు టోపీ పెట్టండి. ఇన్నర్ రెండు వేళ్లతో తోస్తే జారాలి.

పరకాల వైపు పత్తి చేల బాటల్లో వానాకాలమంతా తిరిగిన సైకిలైతే, ఔటర్ కిందికి వంగిన చోట నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. నూనె పోసి సరిపెట్టకండి, ఇన్నర్, ఔటర్ రెండూ మార్చండి. గేరు ఔటర్ బ్రేకుకు వేయనే వేయొద్దు. దాని తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా పట్టినప్పుడు చీలిపోవచ్చు. హ్యాండిల్ రెండు దిక్కులా చివరిదాకా తిప్పండి. బ్రేకు దానంతటదే పట్టుకుంటే ఔటర్ పొట్టిగా కోశారన్నట్టు.

ఇవన్నీ అయ్యాకే స్ప్రింగు స్క్రూ. రాస్తున్న పక్కది పావు చుట్టు చొప్పున బిగించండి. రబ్బరుకు, రిమ్ముకు మధ్య 1–2 మి.మీ. ఎడం చాలు. రబ్బరు టైరుకు తగిలితే పక్కగోడను కోసేస్తుంది, ట్యూబు పేలుతుంది.

కీచుమంటే రబ్బరు ముందు కొస ముందుగా తగిలేలా, వెనక కొస దగ్గర 1 మి.మీ. వదిలి బిగించండి. ప్రతి చుట్టుకూ ఒకే చోట రాస్తే రిమ్ము వంకర, పుల్లలు సరిచేయించాలి. ఆర్ము వంగడం, విరగడం అరుదు. సైకిల్ గట్టిగా పడితే తప్ప అటు వెతకనక్కర్లేదు.