రజ పండుగ లోపే గోడ వెనక నీటి సంగతి చూడండి

ఒడిశాలోని కొరాపుట్‌లో మా వీధి ఇళ్లు మెట్లలాగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మా పెరటి నేల, కింది ఇంటివారి వంటగది కిటికీ పైఅంచు ఒకే ఎత్తు. మధ్యలో రెండు మీటర్ల రాతిగోడ. ఒక జూన్‌లో కింది ఇంటి పిన్నిగారు గేటు దగ్గర నిలబడి, "బాబూ, మీ గోడకు పొట్ట వచ్చింది, చూశారా?" అన్నారు. దిగి చూస్తే నిజమే, నడుము ఎత్తున రాళ్లు ఉబ్బి ఉన్నాయి. నీరు కారిపోవడానికి మేస్త్రి వదిలిన పైపు ముక్కలన్నిటినీ పాములు వస్తాయని సిమెంటుతో మూయించింది నేనే.

రెండు మీటర్ల గోడ వెనక నీరు అంచుదాకా నిలిస్తే, ప్రతి మీటరు పొడవునా ఆ నీరు ఒక్కటే రెండు టన్నుల బలంతో గోడను నెడుతుంది. మట్టి బరువు దానికి అదనం. అందుకే ముందు ఆ పైపుల్లో ఇనుప చువ్వ పెట్టి పొడవండి. పైనుంచి నాలుగు బిందెల నీళ్లు పోసి, కింద కారుతున్నాయో లేదో చూడండి. బురదగా కారితే గోడ వెనక కంకర లేదని, మట్టి కొట్టుకుపోతోందని అర్థం. దారానికి రాయి కట్టి గోడ వాలు చూడండి. పగులు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. వారంలో పగులు ఆ గీత దాటితే కింది గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. పైవాళ్లు గోడ అంచున ఇసుక, ఇటుకలు పోయకూడదు. కిందివాళ్లు గోడ మొదట్లో గునపం వేయకూడదు.

ఈ పనులన్నీ జూన్ రెండో వారం లోపే కావాలి. జూన్ నడుమ వచ్చే రజ పండుగ మూడు రోజులూ భూమిని తవ్వకూడదని ఇక్కడి ఆనవాయితీ. ఆ తర్వాత వాన తెరిపి ఇవ్వదు. దసరా ముందు మరోసారి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వానలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణాలు పోయాయి.

ఇక గోడ బాధ్యత ఎవరిది? తవ్వకుండా, అదనపు బరువు మోపకుండా సహజంగా ఉన్న నేలకు పక్క నేల ఆసరా పొందే హక్కు ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (పక్కవారి ఆస్తి మీద ఉండే వాడుక హక్కుల చట్టం) చెబుతుంది. కారు పెట్టుకోవడానికి కిందివారు తమ వైపు వాలు కోస్తే పైమట్టిని నిలబెట్టే భారం వారిదే. పెరడు చదును కావాలని పైవారు మట్టి పోయిస్తే ఆ మట్టి వారి పూచీ. సహజంగా పల్లానికి పారే వాననీటిని కిందివారు అడ్డుకోకూడదు. అలాగని స్నానాల గది పైపును వారి గోడ మీదికి తిప్పడానికి అది అనుమతి కాదు. గోడ ఎవరి హద్దులో ఉందో తేలకపోతే తహసిల్ కార్యాలయంలో కొలతకు దరఖాస్తు పెట్టండి. కొలిచే ఉద్యోగి అమీన్ వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. ఈలోగా మరమ్మతు ఖర్చు చెరిసగమని కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. గోడను ఫోటో తీసి ఉంచుకోండి.

మా పైపులు మళ్లీ తెరిపించి, పాములు దూరకుండా మూతికి ఇనుప జాలీ బిగించాం. సగం ఖర్చు ఇస్తానని పిన్నిగారు అన్నారు. మూయించింది నేను కనుక తీసుకోలేదు.